పాఠం 9: కాంతితో పదార్థాన్ని పలకరించిన సి.వి. రామన్

ఈ పాఠం చదివిన తర్వాత మీరు

– సర్ చంద్రశేఖర వేంకట రామన్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
– రామన్ ఫలితం అంటే ఏమిటో మీ సొంత మాటల్లో వివరించగలుగుతారు.
– లేజర్ కాంతితో నానో పదార్థాలను ఎలా తయారు చేస్తారో, తయారైన వాటిని రామన్ ఫలితం సాయంతో ఎలా గుర్తిస్తారో తెలుసుకుంటారు.
– ఒక శాస్త్రజ్ఞుని విజయాలను, పొరపాట్లను కలిపి అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

దీపం మీద పట్టే మసి, పెన్సిలులోని ములుకు, ఉంగరంలోని వజ్రం – ఈ మూడింటిలోనూ ముఖ్యంగా ఉండేది కార్బనే అని మీరు విజ్ఞానశాస్త్ర పాఠాల్లో చదివి ఉంటారు. మూలకం ఒకటే అయినా పరమాణువుల అమరిక వేరు కాబట్టి గుణాలు వేరయ్యాయి. ఇప్పుడు ప్రయోగశాలలో ఒక గాజు సీసాలో చిటికెడు నల్లటి పొడి ఉందనుకోండి. అది మామూలు మసా, గ్రాఫైటా, లేక వెంట్రుక కంటే కొన్ని వేల రెట్లు సన్నగా ఉండే కార్బన్ నానో గొట్టాలా? కంటికి అన్నీ నల్లగానే కనిపిస్తాయి. చేత్తో తాకి చెప్పలేం. అలాంటప్పుడు శాస్త్రజ్ఞులు ఆ పొడి మీద కొద్దిపాటి లేజర్ కాంతిని ప్రసరింపజేసి, తిరిగి వచ్చే వెలుగును పరీక్షిస్తారు. కొద్ది నిమిషాల్లో జవాబు దొరుకుతుంది.

ఈ పరీక్షకు ఆధారమైన సత్యాన్ని 1928లో కలకత్తాలో కనుక్కున్నారు. అప్పటికి లేజర్ లేదు. నానో పదార్థం అనే మాట కూడా లేదు. ఉన్నవి సూర్యరశ్మి, ఒక పాదరస దీపం, కొన్ని కటకాలు, చేతిలో ఇమిడే ఒక వర్ణపటదర్శిని. వాటితో పని చేసిన వ్యక్తి సి.వి. రామన్. ఆయన జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

9.2 విశాఖపట్నంలో బాల్యం

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తల్లి పార్వతీ అమ్మాళ్, తండ్రి చంద్రశేఖర అయ్యర్. ఎనిమిది మంది సంతానంలో రామన్ రెండవవారు. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకునిగా ఉద్యోగం వచ్చింది. గణితం, భౌతికశాస్త్రం ఆయన బోధించే విషయాలు. నాలుగేళ్ల రామన్ ఆ విధంగా తెలుగు నేల మీదికి వచ్చారు. ఆయన చదువు విశాఖలోనే మొదలై, అక్కడే ఇంటర్మీడియట్‌కు సమానమైన ఎఫ్.ఎ. పరీక్ష దాకా సాగింది. పదకొండేళ్లకు మెట్రిక్యులేషన్, పదమూడేళ్లకు ఎఫ్.ఎ. పూర్తిచేశారు. తండ్రి పుస్తకాల బీరువాలోని భౌతికశాస్త్ర గ్రంథాలు ఆ పిల్లవాడికి అందుబాటులో ఉండేవి. ఇంట్లో సంగీతం వినిపించేది. శబ్దం మీద, కాంతి మీద ఆయనకు జీవితాంతం నిలిచిన మక్కువకు ఆ ఇల్లే పునాది.

1903లో రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. తరగతిలో అందరికంటే చిన్నవాడు ఆయనే. 1904లో బి.ఎ. పరీక్షలో విశ్వవిద్యాలయంలోనే ప్రథముడిగా నిలిచి, భౌతికశాస్త్రంలో బంగారు పతకం పొందారు. పై చదువులకు ఇంగ్లండు వెళ్లమని అధ్యాపకులు సలహా ఇచ్చారు. అయితే ఆయన బలహీనమైన శరీరం ఆ చలిని తట్టుకోలేదని వైద్యాధికారి చెప్పడంతో ప్రయాణం ఆగిపోయింది. ఎం.ఎ. మద్రాసులోనే చదివారు. 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, కాంతి వివర్తనం గురించి ఆయన రాసిన తొలి పరిశోధన వ్యాసం లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఆ వ్యాసం రాయడానికి ఆయనకు మార్గదర్శకులెవరూ లేరు.

9.3 పగలు లెక్కలు, రాత్రి ప్రయోగాలు

ఆ రోజుల్లో మన దేశంలో విజ్ఞానశాస్త్ర పరిశోధనను నమ్ముకుని బతకడం దాదాపు అసాధ్యం. ప్రయోగశాలలు తక్కువ, ఉద్యోగాలు ఇంకా తక్కువ. రామన్ ప్రభుత్వ ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి ప్రథమ స్థానంలో నెగ్గారు. 1907లో లోకసుందరి అమ్మాళ్‌ను వివాహం చేసుకుని, అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కలకత్తా వెళ్లారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లయినా నిండలేదు.

జీతం మంచిది. హోదా పెద్దది. మరొకరైతే అక్కడితో తృప్తిపడేవారు. కాని ఒకరోజు ఆఫీసు నుంచి ట్రాములో వస్తూ బౌబజారు వీధిలో ఒక భవనం మీది బోర్డును రామన్ చూశారు. అది భారతీయ విజ్ఞాన పరిశోధక సంఘం. దానిని డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించారు. భారతీయులు తమ డబ్బుతో, తమ చేతులతో శాస్త్ర పరిశోధన చేసుకోవాలన్నది ఆయన ఆశయం. ఆయన 1904లో మరణించే నాటికి కూడా ఆ ఆశయం నెరవేరలేదు. భవనం, పరికరాలు ఉన్నాయి. వాటిని వాడేవారు లేరు. రామన్ లోపలికి వెళ్లి, పని చేసుకోవడానికి అనుమతి అడిగారు. అనుమతి వెంటనే దొరికింది.

ఆనాటి నుంచి ఆయన దినచర్య మారింది. తెల్లవారుజామున ప్రయోగశాల, పదింటికి ఆఫీసు, సాయంత్రం మళ్లీ ప్రయోగశాల, రాత్రి పొద్దుపోయాక ఇల్లు. ఆశుతోష్ డే అనే సహాయకుడు ఆయనకు కుడిభుజంగా ఉండేవాడు. మధ్యలో రంగూనుకు, నాగపూరుకు బదిలీలయినా పరిశోధన ఆపలేదు. 1911లో తిరిగి కలకత్తా చేరారు. వీణ, వయొలిన్, మృదంగం, తబలా వంటి వాద్యాల ధ్వనిని శాస్త్రీయంగా విశ్లేషించారు.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్ ఆశుతోష్ ముఖర్జీ ప్రోత్సాహంతో రామన్ ఆ విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ పదవి స్వీకరించారు. ఆ పదవిలో చేరేవారు విదేశంలో శిక్షణ పొంది ఉండాలన్న నిబంధన ఉండేది. దానికి రామన్ ఒప్పుకోలేదు; చివరకు విశ్వవిద్యాలయమే ఆ నిబంధనను సడలించింది. ప్రభుత్వోద్యోగంతో పోలిస్తే కొత్త జీతం సుమారు సగమే. పదేళ్ల సర్వీసును, ముందున్న పదోన్నతులను వదులుకుని ఆయన ఆ సగం జీతానికి వెళ్లారు.

పాఠ్యగత ప్రశ్నలు
1. రామన్ ఉన్నత విద్య కోసం ఇంగ్లండు ఎందుకు వెళ్లలేకపోయారు?
2. 1917లో ఆయన వదులుకున్నదేమిటి? పొందినదేమిటి?

9.4 సముద్రం ఎందుకు నీలం?

1921లో బ్రిటిష్ సామ్రాజ్య విశ్వవిద్యాలయాల సమావేశానికి రామన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. ఓడ మధ్యధరా సముద్రం మీదుగా సాగుతుండగా ఆ నీటి ముదురు నీలం ఆయన చూపును కట్టిపడేసింది. ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందో 19వ శతాబ్దంలోనే లార్డ్ రేలీ వివరించారు. గాలిలోని అణువులు సూర్యకాంతిని అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. దీన్ని పరిక్షేపణం అంటారు. ఎరుపు కంటే నీలం ఎక్కువగా చెదురుతుంది కాబట్టి ఆకాశం నీలంగా కనిపిస్తుంది. సముద్రపు నీలం మాత్రం ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ భావించారు.

రామన్‌కు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. తిరుగు ప్రయాణంలో నార్కుండా అనే ఓడ మీద నిలబడి, తన దగ్గరున్న నికోల్ పట్టకం అనే చిన్న సాధనంతో నీటిని చూశారు. నీటి ఉపరితలం మీద పరావర్తనం చెంది వచ్చే ఆకాశపు కాంతిని ఆ పట్టకం అడ్డగిస్తుంది. నీలం నిజంగా ప్రతిబింబమే అయితే అది మాయమవాలి. మాయం కాలేదు సరికదా, ఇంకా చిక్కగా కనిపించింది. అంటే నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయి. ఓడ బొంబాయి చేరేసరికి ఈ విషయంపై ఆయన లేఖ సిద్ధమైంది. దానిని లండన్‌లోని నేచర్ పత్రికకు పంపారు.

నీటిలో చెదిరే కాంతి మిగతా ద్రవాల్లో, మంచులో, గాజులో, స్ఫటికాల్లో ఎలా చెదురుతుంది? తర్వాతి ఏడేళ్లూ ఈ ప్రశ్న ఆయనను, ఆయన శిష్యులను వదలలేదు. 1924లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినా పరిశోధన వేగం తగ్గలేదు.

9.5 ఫిబ్రవరి 28

1923లో కె.ఆర్. రామనాథన్ అనే శిష్యుడు ఒక వింత గమనించారు. శుద్ధమైన నీటిలో ఊదారంగు కాంతిని పంపితే, చెదిరిన వెలుగులో ఊదాతో పాటు మరో రంగు జాడ చాలా బలహీనంగా కనిపిస్తోంది. ద్రవంలో మలినాలేవో ఉన్నాయని మొదట అనుకున్నారు. ఎన్నిసార్లు శుద్ధి చేసినా ఆ జాడ పోలేదు. 1925లో కె.ఎస్. కృష్ణన్ కూడా దానిని చూశారు. 1928 ఆరంభంలో ఎస్. వెంకటేశ్వరన్ శుద్ధమైన గ్లిసరిన్‌లో చెదిరిన కాంతి నీలంగా కాక ఆకుపచ్చగా ఉండటం గమనించారు. ఇది మలినాల పని కాదని రామన్‌కు గట్టిగా తోచింది. అంతకు ముందు ఏడాదే ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లను ఢీకొని శక్తిని కోల్పోతాయని చూపినందుకు కాంప్టన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. మామూలు కాంతి కూడా అణువులను తాకినప్పుడు ఇలాంటి మార్పునే పొందుతోందా?

రామన్, కృష్ణన్ కలిసి పనిలోకి దిగారు. 18 సెంటీమీటర్ల వ్యాసం గల దూరదర్శిని కటకంతో సూర్యరశ్మిని ఒకచోట కేంద్రీకరించి ద్రవాల గుండా పంపారు. సుమారు అరవై ద్రవాలను పరీక్షించారు. ప్రతిదానిలోనూ కొత్త వెలుగు కనిపించింది. 1928 ఫిబ్రవరి 28న పాదరస దీపం వెలిగించి, చెదిరిన కాంతిని వర్ణపటదర్శినిలో చూశారు. దీపం నుంచి వచ్చిన రేఖల పక్కన, దీపంలో లేని కొత్త రేఖలు స్పష్టంగా విడిగా నిలబడి ఉన్నాయి. ఆ వెలుగే రామన్ ఫలితం.

ఈ విషయాన్ని ఒక పోలికతో అర్థం చేసుకుందాం. ఒక బాటసారి నిండు సంచితో బయలుదేరాడు. దారిలో ఒక సుంకపు గేటు దగ్గర కొంత డబ్బు కట్టాడు. ఒక్కో గేటు దగ్గర సుంకం ఒక్కో రకం. అతని సంచిలో ఎంత తగ్గిందో లెక్కపెడితే ఏ గేటు దాటి వచ్చాడో చెప్పవచ్చు. కాంతి కూడా అంతే. అణువును తాకినప్పుడు కాంతిలో చాలా భాగం ఏమీ కోల్పోకుండా చెదురుతుంది. దాదాపు కోటిలో ఒక వంతు మాత్రం అణువుకు కొంత శక్తినిచ్చి, రంగు మార్చుకుని వస్తుంది. అప్పుడప్పుడు అణువు నుంచే కొంత శక్తిని తీసుకుని వస్తుంది కూడా. ఆ ఇచ్చిపుచ్చుకునే శక్తి ఎంతో ఆ అణువులోని పరమాణువుల కదలిక నిర్ణయిస్తుంది. ప్రతి పదార్థానికీ దాని సొంత లెక్క ఉంటుంది. కాబట్టి కొత్త రేఖలు ఆ పదార్థపు వేలిముద్రల వంటివి.

కోటిలో ఒక వంతు అంటే ఎంత బలహీనమో ఊహించండి. ఆ రేఖలను ఫొటో పలక మీదికి ఎక్కించడానికి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి దీపం వెలిగించి ఉంచవలసి వచ్చేది. పరికరాల ఖరీదు ఆనాడు కొన్ని వందల రూపాయలకు మించలేదు. ఆ పరికరాల కంటే అయిదేళ్ల పాటు ఒక చిన్న జాడను మలినమని కొట్టిపారేయకుండా వెంటాడిన ఓర్పు విలువైనది.

అదే సమయంలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌ష్టామ్ అనే శాస్త్రజ్ఞులు స్ఫటికాలలో ఇదే ఫలితాన్ని చూశారు. రామన్ బృందం ముందుగా ప్రకటించింది. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. 1930లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. విజ్ఞానశాస్త్రంలో ఈ బహుమతి అందుకున్న మొదటి ఆసియా వాసి ఆయనే. ప్రకటన వెలువడక ముందే స్టాక్‌హోమ్ వెళ్లడానికి ఓడ టిక్కెట్లు కొనుక్కున్నారని చెబుతారు. ఆయన ఆత్మవిశ్వాసం అంతటిది. ఈ పనిలో కృష్ణన్ పాత్ర ఎంతో పెద్దది. కాని బహుమతి రామన్ ఒక్కరికే వచ్చింది. కృష్ణన్ తర్వాత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు మొదటి డైరెక్టరు అయ్యారు.

పాఠ్యగత ప్రశ్నలు
3. సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబం కాదని రామన్ ఎలా తెలుసుకున్నారు?
4. కొత్త రేఖలను పదార్థపు వేలిముద్రలని ఎందుకు అంటారు?

9.6 వజ్రం, కెంపు

రామన్ కలకత్తా ప్రయోగశాలకు దేశం నలుమూలల నుంచి విద్యార్థులు వచ్చేవారు. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం ఒకరు. 1928లో రామన్ దగ్గర చేరి, వజ్రం నుంచి చెదిరే కాంతిని పరిశీలించారు. తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం గురించి 1940లో ఒక గ్రంథం వెలువరించారు. రామన్ చిన్ననాడు చదువుకున్న ఊరే ఆ విధంగా రామన్ ఫలితం పరిశోధనకు ఒక కేంద్రమయింది.

1933లో రామన్ బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా వెళ్లారు. ఆ పదవి చేపట్టిన మొదటి భారతీయుడు ఆయన. 1934లో భారతీయ విజ్ఞాన అకాడమీని స్థాపించారు. అయితే సంస్థ నిర్వహణలో ఆయన తీరు చాలామందికి నచ్చలేదు. భౌతికశాస్త్రానికే ఎక్కువ నిధులు ఇస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి, విచారణ జరిగింది. 1937లో డైరెక్టరు పదవి వదులుకుని, 1948 వరకు ఆచార్యునిగా మాత్రమే కొనసాగారు.

స్త్రీల విషయంలో కూడా ఆయన తన కాలపు పరిమితులు దాటలేకపోయారు. 1933లో కమలా భగవత్ అనే విద్యార్థినికి స్త్రీ అన్న కారణంతో మొదట ప్రవేశం నిరాకరించారు. ఆమె పట్టు వదలకపోవడంతో షరతులతో చేర్చుకున్నారు. ఒక ఏడాది తర్వాత ఆమె పని చూసి పూర్తి ప్రవేశం ఇచ్చారు. ఆమే కమలా సొహోనీగా ప్రసిద్ధురాలైన జీవరసాయన శాస్త్రజ్ఞురాలు. 1940లో అన్నా మణి రామన్ ప్రయోగశాలలో చేరి, వజ్రాల, కెంపుల వర్ణపటాలను పరిశీలించారు. ఒక్కో ఫొటోకు పదిహేను, ఇరవై గంటల సమయం పట్టేది. ఆమె కొన్నిసార్లు రాత్రంతా ప్రయోగశాలలోనే ఉండేవారు. తర్వాత వాతావరణ పరికరాల నిపుణురాలిగా దేశానికి విశేష సేవ చేశారు.

వజ్రం రామన్‌కు అతి ప్రియమైన పదార్థం. వందలాది వజ్రాలను సేకరించి పరీక్షించారు. ఆ వజ్రాలే ఆయన్ను ఒక పెద్ద వివాదంలోకి దింపాయి. స్ఫటికంలోని పరమాణువులు ఎలా కంపిస్తాయన్న విషయంలో మాక్స్ బార్న్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుని సిద్ధాంతాన్ని రామన్ అంగీకరించలేదు. స్ఫటికంలో కొన్ని నిర్దిష్టమైన కంపనాలే ఉంటాయని ఆయన వాదించారు. బార్న్ సిద్ధాంతం ప్రకారం కంపనాల సంఖ్య లెక్కలేనంత, అవి ఒకదానితో ఒకటి ఆనుకుని ఉంటాయి. ఏళ్ల తరబడి వాదం నడిచింది. తర్వాత న్యూట్రాన్లతో చేసిన ప్రయోగాలు బార్న్ చెప్పినదే సరి అని తేల్చాయి. రామన్ మాత్రం తన అభిప్రాయం మార్చుకోలేదు. రేలీ మాటను కాదనే ధైర్యం ఒకనాడు ఆయనకు విజయం తెచ్చింది. అదే ధైర్యం మరొకనాడు పట్టుదలగా మారి దారి తప్పించింది. ఈ రెండు సందర్భాలలో తేడా ఎక్కడ ఉందో మీరు గమనించండి. ఓడ మీద ఆయన ప్రశ్నను పట్టకంతో పరీక్షించారు. పరీక్ష ఏమి చెబితే అది అంగీకరించారు. వజ్రాల విషయంలో పరీక్షలు వేరుగా చెప్పినా ముందు నమ్మినదే పట్టుకున్నారు.

9.7 లేజర్ వచ్చింది

1960 మే 16న అమెరికాలో థియొడోర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించారు. అందులో వాడిన పదార్థం కృత్రిమంగా తయారుచేసిన కెంపు కడ్డీ. బెంగుళూరులో గంటల తరబడి పరిశీలించిన కెంపు జాతి స్ఫటికమే ఇక్కడ కొత్త వెలుగుకు జన్మస్థానమయింది. లేజర్ కాంతి ఒకే రంగులో, ఒకే దిశలో, చాలా తీవ్రంగా ఉంటుంది. రామన్ ఫలితానికి కావలసినది సరిగ్గా ఇలాంటి కాంతే. 1962లోనే లేజర్‌తో రామన్ వర్ణపటాలు తీశారు. పాదరస దీపంతో రోజులు పట్టే పని క్రమంగా నిమిషాలకు, క్షణాలకు దిగివచ్చింది.

అదే లేజర్‌ను మరింత తీవ్రం చేస్తే ఏమవుతుంది? ఒక ఘనపదార్థం మీద అతి చిన్న చుక్కపై, సెకనులో వంద కోట్లవ వంతులు కొన్ని మాత్రమే ఉండే మెరుపులాంటి లేజర్ కాంతిని కేంద్రీకరిస్తే, అక్కడి పైపొర వేల డిగ్రీల వేడికి చేరి ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది. మిగతా ముక్కకు వేడి సోకేంత వ్యవధి ఉండదు. ఈ పద్ధతిని లేజర్ అబ్లేషన్ అంటారు. ఎగజిమ్మిన ఆవిరిని ఎదురుగా ఉంచిన పలక మీద పడనిస్తే పలుచని పొర ఏర్పడుతుంది. 1987 నుంచి అధిక ఉష్ణోగ్రత అతివాహకాల పొరలను తయారుచేయడంతో ఈ పద్ధతి బాగా వ్యాప్తిలోకి వచ్చింది. పలకకు బదులు ఆవిరిని వాయువులో గాని, ద్రవంలో గాని చల్లారనిస్తే పరమాణువులు గుమికూడి నానో కణాలవుతాయి. నీటిలో ఉంచిన బంగారు ముక్క మీద లేజర్ ప్రసరిస్తే, నీరు కొద్దికొద్దిగా ఎర్రబారుతుంది. ఆ ఎరుపు బంగారు నానో కణాలది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు అని గుర్తుంచుకోండి.

1985లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో క్రోటో, కర్ల్, స్మాలీ బృందం గ్రాఫైట్‌ను లేజర్‌తో ఆవిరి చేసి, హీలియం వాయువులో చల్లార్చింది. అరవై కార్బన్ పరమాణువులు ఫుట్‌బాల్ బంతి ఆకారంలో కూడిన కొత్త అణువు దొరికింది. దీనికి 1996లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. 1995, 1996లలో స్మాలీ బృందమే నికెల్, కోబాల్ట్ కొద్దిగా కలిపిన గ్రాఫైట్‌ను 1200 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో లేజర్‌తో ఆవిరి చేసి కార్బన్ నానో గొట్టాలను తయారు చేసింది.

ఇప్పుడు పాఠం మొదట్లోని నల్లటి పొడి దగ్గరికి తిరిగి రండి. లేజర్ దెబ్బతో ఎగజిమ్మిన కార్బన్ గొట్టాలుగా మారిందా, మసిగా మారిందా? దీన్ని తేల్చడానికి మళ్లీ లేజరే కావాలి. అయితే ఈసారి పదార్థాన్ని కాల్చే తీవ్రత కాదు. దానికి హాని చేయని సన్నని వెలుగు చాలు. రామన్ వర్ణపటంలో వజ్రానికి 1332 అనే సంఖ్య దగ్గర పదునైన రేఖ వస్తుంది. గ్రాఫైట్‌కు 1580 ప్రాంతంలో వస్తుంది. ఈ సంఖ్యలు ఒక సెంటీమీటరులో ఎన్ని తరంగాలు ఇముడుతాయన్న లెక్కలో కాంతి పొందిన మార్పును తెలుపుతాయి. మసిలో గ్రాఫైట్ రేఖలే వెడల్పుగా, అస్పష్టంగా కనిపిస్తాయి. నానో గొట్టం ఊపిరి తీసినట్లు వ్యాకోచించి, సంకోచిస్తుంది. ఆ కదలికకు ఒక ప్రత్యేక రేఖ ఉంటుంది. గొట్టం ఎంత సన్నమైతే ఆ రేఖ సంఖ్య అంత పెద్దది. కాబట్టి రేఖను చూసి గొట్టం వ్యాసాన్ని లెక్కగట్టవచ్చు. ఒక వెలుగు పదార్థాన్ని తయారు చేస్తుంది, మరొక వెలుగు దానిని గుర్తిస్తుంది. నేటి నానో పదార్థాల ప్రయోగశాలల్లో రామన్ పేరు నిత్యం వినిపించడానికి కారణం ఇదే.

పాఠ్యగత ప్రశ్నలు
5. లేజర్ అబ్లేషన్‌లో నానో కణాలు ఎలా ఏర్పడతాయి?
6. పదార్థాన్ని తయారు చేసే లేజర్ కాంతికి, దానిని పరీక్షించే లేజర్ కాంతికి తేడా ఏమిటి?

9.8 చివరి రోజులు

1948లో రామన్ బెంగుళూరులోనే మైసూరు మహారాజు ఇచ్చిన స్థలంలో తన పేరుతో ఒక పరిశోధన సంస్థ నెలకొల్పారు. షరతులతో వచ్చే ప్రభుత్వ నిధులు స్వీకరించడానికి ఆయన ఇష్టపడలేదు. తన సొంత సొమ్ము, విరాళాలు పెట్టి సంస్థను నడిపారు. భవనానికి విద్యుత్తు రాకముందే అద్దాలు, కటకాలు అమర్చి సూర్యరశ్మితో ప్రయోగాలు చూపించారు. 1954లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ఇచ్చింది. తర్వాతి కాలంలో ఆయన పువ్వుల రంగులను, మనిషి కన్ను రంగులను గుర్తించే తీరును పరిశీలించారు. బడిపిల్లలు వస్తే పనులన్నీ పక్కన పెట్టి, వజ్రాలు, ఖనిజాలు, శంఖాలు, సీతాకోకచిలుకలు చూపిస్తూ వాటి రంగుల రహస్యం వివరించేవారు.

1970 నవంబరు 21న రామన్ కన్నుమూశారు. ఆయన కోరిన విధంగా సంస్థ ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి. నానో గొట్టాలను ఆయన చూడలేదు. కాని తన ఫలితానికి లేజర్ కొత్త బలం ఇవ్వడం ఆయన బతికి ఉండగానే మొదలయింది. ఫిబ్రవరి 28ని మన దేశంలో 1987 నుంచి జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అది రామన్ పుట్టినరోజు కాదు. ఒక బలహీనమైన రేఖ వర్ణపటదర్శినిలో స్పష్టంగా కనిపించిన రోజు.

9.9 సారాంశం

రామన్ విశాఖపట్నంలో, మద్రాసులో చదివి, పదేళ్లు ప్రభుత్వోద్యోగం చేస్తూ కలకత్తాలో పరిశోధన సాగించారు. 1917లో జీతం తగ్గినా పరిశోధననే ఎంచుకున్నారు. సముద్రపు నీలంతో మొదలైన ప్రశ్న 1928లో రామన్ ఫలితంగా ముగిసింది. కాంతి పదార్థాన్ని తాకి రంగు మార్చుకోవడం ద్వారా ఆ పదార్థం గురించి చెబుతుంది. లేజర్ వచ్చాక ఈ పరీక్ష సులువైంది. తీవ్రమైన లేజర్‌తో నానో పదార్థాలను తయారు చేయడం, సన్నని లేజర్‌తో వాటిని గుర్తించడం నేడు కలిసి సాగుతున్నాయి. స్ఫటిక కంపనాల విషయంలో రామన్ పొరబడ్డారు. దానివల్ల ఆయన కనుక్కున్న సత్యం విలువ తగ్గలేదు.

9.10 మీ జవాబులు సరిచూసుకోండి

1. ఆయన శరీరం అక్కడి చలిని తట్టుకోలేదని వైద్యాధికారి చెప్పినందువల్ల.
2. పెద్ద జీతం, పదోన్నతులు వదులుకున్నారు. పూర్తికాలం పరిశోధన చేసే అవకాశం పొందారు.
3. నికోల్ పట్టకంతో ఆకాశపు ప్రతిబింబ కాంతిని అడ్డగించి చూశారు. అయినా నీలం పోలేదు.
4. కాంతి ఇచ్చే లేదా తీసుకునే శక్తి ప్రతి పదార్థానికీ ప్రత్యేకంగా ఉంటుంది కాబట్టి.
5. లేజర్ తాకిడికి పైపొర ఆవిరై, ఆ ఆవిరి వాయువులో గాని ద్రవంలో గాని చల్లారినప్పుడు పరమాణువులు గుమికూడి నానో కణాలవుతాయి.
6. తయారు చేసే కాంతి పైపొరను ఆవిరి చేసేంత తీవ్రంగా ఉంటుంది. పరీక్షించే కాంతి పదార్థానికి హాని చేయనంత తక్కువగా ఉంటుంది.

ఇంటి వద్ద చేయండి: ఒక గాజు గ్లాసులో నీరు పోసి, రెండు మూడు చుక్కల పాలు కలపండి. చీకటి గదిలో టార్చిలైటు కాంతిని గ్లాసుకు ఒక పక్కనుంచి పంపండి. మొదట పక్కనుంచి, తర్వాత కాంతికి ఎదురుగా నిలబడి నీటిని చూడండి. రెండు చోట్ల కనిపించిన రంగులను మీ నోటు పుస్తకంలో రాసి, ఆకాశపు నీలంతో, అస్తమించే సూర్యుని ఎరుపుతో పోల్చి చూడండి.